ఎదురుగా వచ్చే ఎలుగు

సాక్స్‌టన్ పోప్ శస్త్రవైద్యుడు. వందేళ్ల కిందట శాన్‌ఫ్రాన్సిస్కోలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు వైద్య కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. అమెరికాలో ఇవాళ విల్లు పట్టుకుని వేటకు వెళ్లేవాళ్లంతా ఏదో ఒక దారిన ఆయన శిష్యులే. నాదీ ఆయన వృత్తే. కర్నూలులో వైద్యం చదివాను, ఆరెగాన్ రాష్ట్రంలో స్థిరపడ్డాక విల్లు నేర్చుకున్నాను. 1923లో వచ్చిన ఆయన పుస్తకం ‘హంటింగ్ విత్ ది బో అండ్ యారో’ను చాలామంది సాహసాల కోసం చదువుతారు. నేను గాయాల కోసం చదువుతాను. బాణం ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు దిగింది, దెబ్బ తిన్న జంతువు ఎంత దూరం పోయి పడింది, ఇవన్నీ ఆయన వైద్యుడి కళ్లతో చూసి రాసిపెట్టాడు.

నల్ల ఎలుగును కూతతో దగ్గరికి రప్పించి బాణంతో కొట్టే వేట ఒకటుంది. అందులో ఏ బాణం వేయవచ్చు, ఏది వేయకూడదు అని మా వాళ్లు ఇప్పటికీ గంటల తరబడి వాదించుకుంటారు. ఆ వాదన మూలాలు పోప్ దగ్గర ఉన్నాయి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పోప్‌కు విల్లు నేర్పిన ఇషి దగ్గర ఉన్నాయి.

1911 ఆగస్టు 29న ఉత్తర కాలిఫోర్నియాలోని ఆరోవిల్ ఊరి కబేళా దగ్గర ఆకలితో చిక్కి శల్యమైన ఒక నడివయసు మనిషి దొరికాడు. యాహి తెగలో మిగిలిన ఆఖరి మనిషి అతను. బంగారం కోసం వచ్చినవాళ్లు, వాళ్ల వెనకే మందలతో వచ్చినవాళ్లు ఆ తెగను తుపాకులతో తుడిచిపెట్టారు. బతికి బయటపడ్డ కొద్దిమంది దశాబ్దాల పాటు కొండల్లో కంటపడకుండా బతికారు. షెరీఫ్ అతణ్ని జైలు గదిలో పెట్టాడు. ఆల్ఫ్రెడ్ క్రోబర్, టి. టి. వాటర్‌మన్ అనే మానవశాస్త్రవేత్తలు అక్కణ్నించి తీసుకొచ్చి శాన్‌ఫ్రాన్సిస్కో మ్యూజియంలో ఉంచారు. ఇషి అని పేరు పెట్టింది క్రోబరే. మ్యూజియం పక్కనే పోప్ పనిచేసే ఆసుపత్రి. వైద్యుడిగా చూడబోయిన పోప్, స్నేహితుడయ్యాడు, తర్వాత శిష్యుడయ్యాడు. 1916 మార్చి 25న క్షయతో ఇషి పోయేదాకా ఆ స్నేహం సాగింది.

ఇషి వేటలో పోప్‌ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది గురి కాదు. గురిపందేల్లో పోప్ స్నేహితులే నయం. ఇషి గొప్పతనమంతా జంతువు దగ్గరికి చేరడంలో, జంతువును దగ్గరికి రప్పించడంలో ఉండేది. వేటకు ముందు చేపలు తినేవాడు కాదు, పొగ తాగేవాడు కాదు. వాసన పోయేలా ఒళ్లు కడుక్కునేవాడు. పొదచాటున కూర్చుని వేళ్లను పెదవులకు ఆనించి, ముద్దు పెట్టినట్టు గాలి పీల్చేవాడు. డేగ కాళ్లలో చిక్కిన కుందేలు పెట్టే కీచు కేక అచ్చంగా వచ్చేది. పోప్ ఒకసారి పరీక్ష పెట్టి పన్నెండు చోట్ల పిలిపిస్తే అయిదు కుందేళ్లు, ఒక అడవిపిల్లి వచ్చాయి. తిండి దొరుకుతుందన్న ఆశతో ఆ కేకకు ఎలుగు కూడా వస్తుందని ఇషి చెప్పాడు. జింకల కోసం ఇంకో పద్ధతి: మాడ్రోన్ చెట్టు ఆకును మడిచి పెదవుల మధ్య పెట్టుకుని, మనూళ్లలో పిల్లలు కొబ్బరాకు బూర ఊదినట్టు, జింకపిల్ల అరుపు తీసేవాడు. ఆ మాడ్రోన్ చెట్లు ఆరెగాన్‌లో మా ఇంటి వెనక కొండ మీదా ఉన్నాయి. ఎర్రటి బెరడు పొరలు పొరలుగా ఊడుతుంటుంది.

యాహి వాళ్లు ఎలుగును ఎలా కొట్టేవారో కూడా పోప్ రాశాడు. నలుగురైదుగురు కలిసి చుట్టూ మంటలు పెట్టి, అది నోరు తెరిచినప్పుడు నోట్లోకి బాణాలు వేసేవారట. మీదికొస్తే మండే కొరివిని ముఖం ముందు ఆడించి పక్కకు తప్పుకునేవారు. చిన్న విల్లుతో, రాతి ములికి తొడిగిన బాణంతో, ప్రాణాలు పణంగా పెట్టి, కడుపు కోసం చేసిన పని అది. దాన్ని ఇవాళ్టి కొలతతో కొలవకూడదని నా నమ్మకం. మన చేతిలో ఉక్కు ములికి ఉంది, ఇంట్లో ఫ్రిజ్ ఉంది, ఈ రోజు వేట కుదరకపోతే పస్తు పడుకునేవాళ్లెవరూ లేరు. అందుకే మన మీద పడే బాధ్యత వేరు.

ఆ బాధ్యత గురించి అమెరికాలో అందరికీ తెలిసిన కథ ఇషి కన్నా ముందుది. 1902 నవంబర్‌లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో ఎలుగు వేటకు వెళ్లాడు. దారి చూపింది హోల్ట్ కాలియర్. బానిసగా పుట్టి, ఆ అడవుల్లో ఎలుగు వేటకు పేరుపడ్డ నల్లజాతి మనిషి. కుక్కలు ఒక ఎలుగును తరిమి నీటి మడుగులో నిలేశాయి. అది ఒక కుక్కను చంపేసరికి కాలియర్ తుపాకి మడమతో దాని నెత్తిన కొట్టి, అధ్యక్షుడు వచ్చేదాకా ఉంచాలని చెట్టుకు కట్టేశాడు. రూజ్‌వెల్ట్ వచ్చి చూసి, కట్టేసిన జంతువును కాల్చనన్నాడు. వాషింగ్టన్ పోస్ట్‌లో క్లిఫర్డ్ బెరీమన్ కార్టూన్ వేశాడు, బ్రూక్లిన్‌లో మిఖ్టమ్ దంపతులు గుడ్డతో ఎలుగుబొమ్మ కుట్టి అమ్మారు. ఇవాళ హైదరాబాదులో పుట్టినరోజు పిల్లల చేతుల్లో ఉండే టెడ్డీ బేర్ పుట్టుక అదే. అందరూ చెప్పుకునే కథ ఇక్కడితో ఆగిపోతుంది, అది సగమే. మిగతా సగం ఏమిటంటే, దెబ్బలతో నలిగిన ఆ ఎలుగు బాధ తీర్చమని రూజ్‌వెల్టే చెప్పాడు, కత్తితో చంపారు. అధ్యక్షుడు తుపాకి ఎత్తలేదు గాని ఆ జంతువుకు జరగాల్సిన హింస ఆయన రాకముందే జరిగిపోయింది. రూజ్‌వెల్ట్, జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ కలిసి 1887లో పెట్టిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ ‘ఫెయిర్ చేజ్’ అనే నియమాన్ని నిలబెట్టింది. తప్పించుకునే వీలున్న జంతువునే వేటాడాలి అన్నది దాని సారం. మంచి నియమమే. దెబ్బ తగిలాక జంతువు ఎంతసేపట్లో పోవాలి అన్నది మాత్రం ఆ నియమంలో లేదు. ఆ లెక్క విలుకాళ్లు తేల్చుకోవాల్సి వచ్చింది.

ఎందుకంటే తూటాకు, బాణానికి పని తీరు వేరు. పెద్ద తుపాకి తూటా అదురుతోనే చుట్టుపక్కల కండను చిదిమేస్తుంది. బాణానికి ఆ అదురు లేదు. అది కోస్తుంది, అంతే. కోసిన రక్తనాళం నుంచి రక్తం పోవాలి, లేదా రొమ్ములోకి గాలి చేరి ఊపిరితిత్తులు ముడుచుకుపోవాలి. ఒక వైపు ఊపిరితిత్తికే తగిలితే రెండోది ఆడుతూనే ఉంటుంది, ఎలుగు కొండలు దాటి పోతుంది. రెండింటిలోంచీ దూసుకుపోతే సాధారణంగా నిమిషం రెండు నిమిషాల్లో, కొద్ది గజాల దూరంలోనే పడిపోతుంది. రోడ్డు ప్రమాదంలో పక్కటెముకలు విరిగి ఊపిరితిత్తి ముడుచుకున్న మనుషులు నా బల్ల మీదికి వస్తారు. ఒకవైపే దెబ్బ తిన్నవాళ్లు మాట్లాడుతూ ఉంటారు. రెండువైపులా తిన్నవాళ్ల దగ్గర మాకు క్షణాలే ఉంటాయి. బాణం సంగతి నాకు అర్థమైంది అక్కడే.

పోప్, ఆయన సహచరుడు ఆర్ట్ యంగ్ ఈ లెక్కను ఎలుగుల మీదే నేర్చుకున్నారు. కాలిఫోర్నియా హంబోల్ట్ కౌంటీలో టామ్ మర్ఫీ కుక్కలు ఎలుగును చెట్టెక్కించాయి, ఇద్దరూ కింద నిలబడి రొమ్ముకు బాణాలు వేశారు. ఆ గెలుపే 1920లో వాళ్లను ఎల్లోస్టోన్‌కు తీసుకెళ్లింది. కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ మ్యూజియంలో ప్రదర్శించడానికి గ్రిజ్లీలను బాణంతో తెస్తామని ప్రత్యేక అనుమతి పొందారు. దారి చూపిన నెడ్ ఫ్రాస్ట్ చేతిలో తుపాకి ఉంది. మొదటిసారి బాణాలు తిన్న గ్రిజ్లీ వాళ్ల మీదికి ఉరికితే ఆ తుపాకే కాపాడింది. తర్వాత పట్టుదలగా బాణాలతోనే సాధించారు. ఆ ప్రయాణం గురించి చదివినప్పుడల్లా పోప్ నిజాయితీకి దండం పెడతాను. ఆ రోజుల్లో వాళ్లు వేసిన దూరపు బాణాల్లో చాలావాటిని మాత్రం సమర్థించలేను.

ఎలుగు నాకు బొమ్మ కాకపోవడానికి కారణం నల్లమల. హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు అడవి అంచు ఊళ్ల నుంచి ఎలుగు చీల్చిన ముఖాలతో మనుషులు వచ్చేవాళ్లు. తునికాకు కోయబోయినవాళ్లు, మేకల వెనక పోయినవాళ్లు. మన గుడ్డెలుగు తలకూ ముఖానికే పోతుంది. ఒకాయనకు నుదుటి నుంచి పెదవి దాకా కుట్లు వేస్తుంటే, ‘దాని తప్పేం లేదు సారూ, నేనే పోయి మీద పడితిని’ అన్నాడు. అక్కడి చెంచులు విల్లమ్ములతో బతికిన జాతి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం మన దగ్గర ఎలుగును వేటాడటం నేరం, అలాగే ఉండాలి కూడా. అమెరికాలోని నల్ల ఎలుగు వేరే జాతి, సంఖ్య బాగా ఉంది, వేటకు కాలమూ టాగులనే అనుమతి చీటీలూ ప్రభుత్వం నిర్ణయిస్తుంది. రెండింటినీ ఒకే గాట కట్టడం కుదరదు.

1930ల్లో విలుకాళ్లు తమకంటూ వేట కాలం కావాలని అడిగినప్పుడు తుపాకివాళ్లు నవ్వారు, కొందరు కోప్పడ్డారు. బాణం జంతువును గాయపరిచి వదిలేస్తుందన్నారు. 1934లో విస్కాన్సిన్ రాష్ట్రం కొలంబియా, సాక్ కౌంటీల్లో విల్లుకు మాత్రమే జింకల వేట కాలం పెట్టింది. దేశంలో అలాంటి కాలానికి అదే ఆరంభం. పర్యావరణ రచయితగా లోకానికి తెలిసిన ఆల్డో లియోపోల్డ్ ఆ రాష్ట్రంలోనే ఉంటూ తన విల్లు తనే చెక్కుకునేవాడు. ఆయన భార్య ఎస్టెల్లా మహిళల విలువిద్యలో రాష్ట్ర విజేత. వేటగాడికి చప్పట్లు కొట్టే ప్రేక్షకులు ఉండరు, చూసేది అతని మనస్సాక్షి ఒక్కటే అని లియోపోల్డ్ రాసిన ఆలోచన వెనక ఈ విల్లు ఉందని నేననుకుంటాను. 1961లో గ్లెన్ సెయింట్ చార్ల్స్ తదితరులు పెట్టిన క్లబ్బుకు పోప్, యంగ్‌ల పేరే పెట్టారు. బాణం కూడా పెద్ద జంతువుకు సరిపోయే ఆయుధమేనని నిరూపించడం వాళ్ల మొదటి పని. 1969లో హోలిస్ ఆలెన్ పేటెంటు పొందిన కాంపౌండ్ విల్లు వచ్చాక నారిని పూర్తిగా లాగి పట్టుకుని గురి చూడటం తేలికైంది. దూరం పెంచుకోవాలన్న ఆశా దాంతోపాటే వచ్చింది.

కూతలకు వేరే చరిత్ర ఉంది. ఇషి వేళ్లతో చేసిన పనిని టెక్సాస్‌లోని మార్బుల్ ఫాల్స్ ఊళ్లో మరీ, విన్‌స్టన్ బర్న్‌హామ్ అన్నదమ్ములు వ్యాపారం చేశారు. వాళ్ల నాన్న నోటితో నక్కలను పిలిచేవాడు. కొడుకులు రీడు బిగించిన బూరలు తయారు చేసి 1950ల నుంచి ఊరూరికీ పంపారు. వేకో ఊరి జానీ స్టూవర్ట్ నిజమైన జంతువుల అరుపులనే రికార్డు చేసి అమ్మాడు. ఇవన్నీ నక్కల కోసం, వాటికి చుట్టాలైన కోయోటీల కోసం. ఎలుగు కోసం కూత ఊదేవాళ్లు చాలాకాలం అరుదు, ఎందుకంటే కుక్కలున్నాయి, ఎర ఉంది. పాత డోనట్లు, మాంసం ముక్కలు పీపాలో పోసి ఎదురుగా చెట్టెక్కి కూర్చుంటే ఎలుగు తనే వస్తుంది.

దాన్ని మార్చింది బ్యాలెట్టు పెట్టె. 1992లో కొలరాడో ఓటర్లు ఎలుగుకు ఎర పెట్టడాన్నీ కుక్కలనూ వసంతకాలపు వేటనూ నిషేధించారు. 1994లో మా ఆరెగాన్ ఓటర్లు ఎరనూ కుక్కలనూ ఆపేశారు. 1996లో వాషింగ్టన్ రాష్ట్రం అదే దారి పట్టింది. మిగిలినవి రెండే: దూర్బీనుతో వెతికి కాలినడకన చేరుకోవడం, లేదా కూర్చుని కూత వేయడం. నగరాల్లో ఓటేసినవాళ్లకు విల్లు గురించి ఆలోచన ఉండి ఉండదు. అయినా ఆ ఓట్లే విలుకాళ్లను ఇషి పద్ధతికి తిరిగి పంపాయి.

అసలు చిక్కు ఇక్కడే మొదలైంది. ఎర దగ్గరికి వచ్చిన ఎలుగు తింటూ పక్కకు తిరుగుతుంది, నింపాదిగా నిలబడుతుంది, దాని తీరు, వెనక పిల్లలున్నాయా లేదా చూసుకునేందుకు సమయం ఉంటుంది. కూతకు వచ్చే ఎలుగు అలా కాదు. లేడిపిల్లలు, ఎల్క్ దూడలు పుట్టే వసంతం చివర్లో ఆ బూర కీచుమంటే దానికి వినిపించేది తిండి. నేరుగా చప్పుడు పుట్టిన చోటికే వస్తుంది. తల కిందికి వంచి, ముక్కు ముందుకు చాచి, రొమ్ము మూసుకుని వస్తుంది. అంటే గురి పెట్టినవాడికి కనిపించేది పుర్రె, జబ్బలు, ముందుకాళ్లు. పుర్రె వాలుగా ఉంటుంది, బాణం జారిపోతుంది. జబ్బ ఎముక దగ్గర ములికి ఆగిపోతుంది. ఎముకల నడుమ సందు దొరికినా ఒకవైపు ఊపిరితిత్తే తెగవచ్చు. ఎలుగు గుండె ముందుకాళ్ల నడుమ బాగా కిందికి, ముందుకు ఉంటుంది. పొట్ట కింద వేలాడే బొచ్చు శరీరం హద్దును దాచేస్తుంది. పైగా చర్మం కింద కొవ్వు చిన్న గాయాన్ని పూడ్చేస్తుంది, దట్టమైన బొచ్చు రక్తాన్ని పీల్చేస్తుంది, నేల మీద జాడ దొరకదు. ఎదురు బాణం వేసి ‘తగిలింది, కాని దొరకలేదు’ అని చెప్పేవాళ్ల మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ జంతువు ఎక్కడో ఒక పొదలో రోజుల తరబడి చీము పట్టి చస్తుంది.

అందుకే ఇక్కడి అనుభవజ్ఞులు ఇద్దరుగా వెళతారు. నాతో వచ్చే పెద్దాయన డెబ్బై దాటినవాడు, ఒకప్పుడు కలప నరికే పని చేసేవాడు. ఆయన వెనక కూర్చుని బూర ఊదుతాడు, నేను పాతిక అడుగులు ముందు, కొంచెం పక్కగా ఉంటాను. ఆయన వైపు నడిచే ఎలుగు నా ముందు నుంచి అడ్డంగా పోవాలని లెక్క. ఎలుగు ధ్యాస త్వరగా మళ్లుతుంది కాబట్టి ఊపిరి తీసుకునే వ్యవధి తప్ప కూత ఆపకూడదు. ముప్పావు గంట ఊదితే పెద్దాయన చెంపలు వణుకుతాయి.

ఒక వసంతపు పొద్దుట తీరపు కొండల్లో, చెట్లు నరికిన వాలు మీద, ఆల్డర్ పొదల్లోంచి ఒక ఎలుగు బయటికి వచ్చింది. లెక్క ప్రకారమే కొంతదూరం నడిచింది. గాలి మారిందో, నా మోకాలు కదిలిందో, నా వైపు తిరిగి ఆగింది. మా మధ్య పదిహేను అడుగులు మించి లేవు. రొమ్ము మీద అరచేతి మేర తెల్లటి మచ్చ ఉంది. గురి పెట్టుకోమని గీసినట్టు, రెండు కాళ్ల నడుమ సరిగ్గా. ముక్కు రంధ్రాలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి, కింది పెదవి నుంచి చొంగ దారంలా సాగింది. నారి మీద నా మూడు వేళ్లు ఉన్నాయి, లాగలేదు. వెనక పెద్దాయన ఊదడం ఆపాడు. ఎలుగు ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి, వెనుదిరిగి, పిరుదులు ఊపుకుంటూ పొదల్లోకి పోయింది. తిరిగినప్పుడు అరక్షణం డొక్క కనిపించింది గాని, అప్పటికి నడుస్తోంది. పెద్దాయన దగ్గరికి వచ్చి, ‘మంచి ఎలుగు, డాక్’ అన్నాడు. ఇంకేమీ అనలేదు.

వేసే బాణం ఎలా ఉండాలో మరో వసంతంలో కుదిరింది. అడ్డంగా నడుస్తున్న మగ ఎలుగు, వెనక పిల్లల జాడ లేదని ఇద్దరం చాలాసేపు చూసి నిర్ధారించుకున్నాం. నా వైపు ముందుకాలు ముందుకు పడగానే జబ్బ ఎముక తప్పుకుంటుంది. అప్పుడు ఎత్తులో సగానికి, కాలికి కొంచెం వెనగ్గా చూసి వేశాను. బాణం అవతలి వైపు నుంచి బయటికి వచ్చి నాచులో గుచ్చుకుంది. ఎలుగు పరిగెత్తింది, కొద్దిసేపటికి ఒక దీర్ఘమైన మూలుగు వినిపించింది. ఆ మూలుగు వినలేనివాళ్లు ఈ వేటకు రాకూడదని అంటాను. అరగంట కదలకుండా కూర్చున్నాం. తర్వాత అది పడిన చోటే పొట్ట తీసి మాంసం భుజాల మీద మోశాం. పుర్రెను పది రోజుల్లోగా రాష్ట్ర వన్యప్రాణి కార్యాలయానికి తీసుకెళ్లాలి. నోరు తెరిచి ఉండేలా పళ్ల మధ్య పుల్ల పెట్టి తెమ్మంటారు. చిన్న పన్ను ఒకటి పీకి, దాని వేరు పొరల్లో వలయాలు లెక్కపెట్టి వయసు తేలుస్తారు. ఎలుగుల లెక్క ఆ పళ్ల మీద కూడా ఆధారపడి ఉంటుంది.

రికార్డు చేసిన కూతల మీద పోప్ అండ్ యంగ్ క్లబ్ నియమం కచ్చితంగా ఉంటుంది: జంతువును ఆకర్షించడానికి ఎలక్ట్రానిక్ పరికరం వాడితే అది వాళ్ల లెక్కల పుస్తకంలోకి ఎక్కదు. చట్టం ఒప్పుకున్న చోట కూడా నేను వాడను. స్పీకరు అలసిపోదు, దాన్ని గంటల తరబడి వదిలేయవచ్చు. కూత సంగతి అలా ఉంచితే, వేట కాలం మీదా వాదన ఉంది. వాషింగ్టన్ రాష్ట్ర వన్యప్రాణి కమిషన్ 2022లో వసంతకాలపు ఎలుగు వేటను నిలిపేసింది. మా దగ్గరా అదే వాదన నడుస్తోంది. పిల్లల తల్లులు పొరపాటున చనిపోతాయన్నది అవతలివాళ్ల ముఖ్యమైన మాట. ఆ మాటలో పస ఉంది. దానికి జవాబు సభల్లో దొరకదు, గురి పెట్టే ముందు ఇంకో అయిదు నిమిషాలు చూడటంలోనే ఉంది.

కొత్తవాళ్లకు తరగతులు చెప్పేటప్పుడు ఎలుగు బొమ్మలు బల్ల మీద పరుస్తాను: అడ్డంగా, వెనక్కి ఏటవాలుగా, ముందుకు ఏటవాలుగా, ఎదురుగా. వేయకూడనివాటిని బోర్లా తిప్పమంటాను. ఈ మధ్య వచ్చిన ఒక తెలుగు కుర్రాడు, గుంటూరు వైపు వాడు, మూడో బొమ్మను తిప్పేశాడు. ఎదురు బొమ్మ మీద చెయ్యి ఆపి, ‘అంకుల్, అది కదలకుండా నన్నే చూస్తా నిలబడితే?’ అని అడిగాడు.

‘నిలబడనీ నాన్నా. నువ్వూ కదలకు. కూత ఆగితే రెండు నిమిషాల్లో దానికి విసుగొచ్చి తిరుగుతుంది. తిరిగి ఆగితే చూద్దాం. ఆగకుండా పోతే, వచ్చే ఏడాది టాగ్ మళ్లీ కొనుక్కుంటాం.’